క్యాంపు వాకిట్లో ఏడు చుక్కలు

శుక్రవారం పొద్దున ఆ బస్సులో కూలీలు ఉండరు, కీర్తనల పుస్తకాలు ఉంటాయి. మిగతా ఆరు రోజులూ ఈ ఎడారి దేశంలో డ్రైవరు రాజనర్సు సల్మాబాద్ కూలీల క్యాంపు నుంచి నలభై మందిని సనాబిస్‌లో లేస్తున్న బిల్డింగు దగ్గరికి తీసుకుపోయి, సాయంత్రం తిరిగి తెస్తాడు. శుక్రవారం మాత్రం మనామాలో ఒక అద్దె హాలులో జరిగే తెలుగువాళ్ల ప్రార్థన కూటానికి జనాన్ని చేరవేస్తాడు. అతను క్రైస్తవుడు కాదు. కంపెనీలో బస్సులన్నీ చూసుకునే సూపర్‌వైజరు సైమన్ ఆ కూటంలో ఒక పెద్ద. సైమన్ పొమ్మంటే పోవాలి.

లోపల ప్రార్థన అయ్యేదాకా అతను బస్సు నీడలో నిలబడతాడు. తర్వాత అన్నం పెడతారు, తింటాడు. ఎవరితోనూ మాట్లాడడు. నాలుగేళ్ల కింద అతని భార్య భీమవ్వ ఊళ్లో జ్వరంతో పోయింది. వేరే డ్రైవరు దొరకలేదని సైమన్ ఇతని పాస్‌పోర్టు నాలుగు రోజులు ఆపాడు. రాజనర్సు ఇల్లు చేరేసరికి బూడిద కూడా చల్లారింది. ఆనాటి నుంచి సైమన్ చెప్పిన డ్యూటీ చేశాడు గాని సైమన్ మొహంలోకి చూడలేదు. క్షమించాలని లోపల వారం వారం చెప్పే మాట గోడ ఇవతలికి వినిపిస్తూనే ఉండేది. అది లోపలివాళ్లకు చెప్పిన మాట అనుకునేవాడు.

రెండువేల ఎనిమిది మే నెలలో ఒక శుక్రవారం, అన్నం తిని చేయి కడుక్కుంటుంటే అక్సా వచ్చి పిలిచింది. ఆ పిల్ల ఇక్కడే పుట్టి పెరిగింది. మనామాలో పటాలు గీసే ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం. చేతిలో తెరిచిన ల్యాప్‌టాప్ ఉంది.

“అంకుల్, మీరు సల్మాబాద్ క్యాంపు బస్సు కదండీ? ఒక్క నిమిషం. ఈ పటంలో తప్పులుంటే చెప్పాలి.”

“పటంల నాకేం తెలుస్తది బిడ్డా? నేను ఐదు దాంకనే సదివిన.”

“రోడ్లు తెలుసు కదా?”

“రోడ్లయితె తెలుస్తయి.”

“ఇదీ రోడ్లేనండి.”

చూపించింది. మూడేళ్లలో రోడ్ల మీద నడిచేవాళ్లకు ఎక్కడెక్కడ బండ్లు తగిలాయో, ఒక్కో ప్రమాదానికి ఒక్కో ఎర్రచుక్క. చుక్క మీద నొక్కితే చిన్న కిటికీ తెరుచుకుని తారీకు, టైము, దెబ్బ ఎంతో చెబుతుంది. జూన్ ఒకటిన దీన్ని ఇంటర్నెట్‌లో పెడతారు. ఎవరైనా ఇంట్లో కూర్చుని తమ వీధి ఎలా ఉందో చూసుకోవచ్చు. ఎక్కడ చుక్కలు గుంపుగా ఉంటే అక్కడ ఏదో ఒకటి చేయమని జనమే అడగొచ్చు.

“మిగతావన్నీ రోడ్ల మీదే ఉన్నాయి. మీ క్యాంపువే అర్థం కావట్లేదు. చూడండి, ఏడూ వాకిట్లో ఉన్నాయి. ఒకాయన చనిపోయారు కూడా. వాకిట్లో అంత జోరుగా ఏం బండి తిరుగుతుందండీ? నీళ్ల ట్యాంకరా?”

రాజనర్సుకు నవ్వొచ్చింది. చాలా రోజులైంది నవ్వి.

“మా ట్యాంకర్ నత్త లెక్క నడుస్తది బిడ్డా. దాని కింద పడాలంటె మనమే ముందుగాల పోయి పండుకోవాలె.”

అక్సా కూడా నవ్వింది. “సరే, టైము బట్టి చూద్దాం” అని అడుగున ఉన్న గీతను వేలితో జరిపింది. పొద్దున అనగానే వాకిలి ఖాళీ అయింది. మధ్యాహ్నం కూడా ఖాళీ. సాయంత్రం ఆరు నుంచి ఏడు దగ్గర ఆపగానే ఏడు చుక్కలూ ఒక్కసారి వెలిగాయి.

రాజనర్సు నవ్వు ఆగిపోయింది.

ఆరు నుంచి ఏడు అతని బస్సు వచ్చే వేళ.

క్యాంపు హైవేకు ఎడమ పక్క ఉంది. బస్సు వచ్చేది కుడి పక్కన. గేటు దాకా పోవాలంటే ముందున్న రౌండెబౌట్ చుట్టి వెనక్కి రావాలి. సాయంత్రం రద్దీలో పావుగంట. ఆ పావుగంటలో బస్సు ఇంకో ట్రిప్పుకు అందుతుందని సైమన్ ఎప్పుడో తేల్చాడు. “రోడ్డు దాటితే గేటే కదా, చంటిపిల్లలా వాళ్లు?” అన్నాడు. అందుకని మూడేళ్లుగా రాజనర్సు నలభై మందినీ ఈవలే దింపుతున్నాడు. ఆరు వరుసల బండ్ల మధ్య నుంచి వాళ్లు టిఫిన్ డబ్బాలు పట్టుకుని పరుగెత్తుతారు. ఆ ఏడుగురికీ దెబ్బ తగిలింది అక్కడే. వాకిట్లో కాదు.

ఈలోగా సైమన్ పళ్లెంతో అటు వచ్చాడు. ల్యాప్‌టాప్‌లోకి తొంగి చూశాడు.

“మా క్యాంపేనా అమ్మాయ్? వాకిట్లో స్పీడ్ బ్రేకరు వేయించమని రాసెయ్. కంపెనీతో నేను మాట్లాడతాలే. ఏం రాజనర్సూ?”

రాజనర్సు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. నిజం చెబితే తర్వాతి ప్రశ్న ఏమిటో తెలుసు. అక్కడ దింపిందెవరు?

“నాకేం ఎరుక లేదు” అని బస్సు వైపు నడిచాడు.

మర్నాడు సాయంత్రం ఎప్పటి చోటనే బస్సు ఆపాడు. తలుపు తెరుచుకోకముందే జనం లేచి తలుపు దగ్గర మూగారు. అదీ అలవాటే. ముందు దిగినవాడు ముందు దాటుతాడు, ముందు దాటినవాడికి ముందు బాత్రూం దొరుకుతుంది. అందరూ దిగాక కూడా రాజనర్సు గేరు వేయలేదు. అద్దంలో చూస్తూ కూర్చున్నాడు.

రెండేళ్ల కింద అదే అద్దంలో ఒక టిఫిన్ డబ్బా గాలిలోకి లేవడం చూశాడు. డబ్బా కింద పడ్డ చప్పుడు తర్వాత వినిపించింది. అది బాలన్నది. ఆర్మూరు పక్క మనిషి, మంచి తాపీమేస్త్రి. ఆ రోజే సైమన్ ఫోన్ చేశాడు. “నువ్వు దింపావు, వెళ్లిపోయావు. తర్వాత ఏం జరిగిందో నీకు తెలీదు. ఖలాస్.” రాజనర్సు కూడా ఖలాస్ అన్నాడు. సైమన్‌ను క్షమించలేదు సరే, ఆ ఒక్క మాటకు తననూ క్షమించుకోలేదు. అయినా తెల్లారి అక్కడే దింపాడు. ఆ తెల్లారీ అక్కడే.

ఇప్పుడు ఆ చావును ట్యాంకరు నెత్తిన పెట్టి వాకిట్లో స్పీడ్ బ్రేకరు కడతారు. బాలన్న పోయిన చోట మాత్రం రేపు ఇంకొకడు పోతాడు.

బస్సు షెడ్డులో పెట్టి క్యాంపు వంటగదికి పోయాడు. లింబాద్రి ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. నాలుగు నెలల కింద కాలు విరిగింది. లోపల కడ్డీ వేశారు. అప్పటి నుంచి వంటగదిలో కూర్చునే డ్యూటీ ఇచ్చారు.

“కాలెట్లున్నదిరా?”

“మంచిగున్నది నర్సన్నా. వానొచ్చేది ముందుగాల దానికే తెలుస్తదట. ఈ దేశంల వాననే రాదాయె. దానికేం పని లేదు.”

“దవాఖానల నిన్ను రాసుకోనీకి వచ్చినోడు ఏమడిగిండు?”

“ఇన్సూరెన్సోడా? పేరడిగిండు. కంపెనీ అడిగిండు. జాగ ఏదన్నడు. కార్డు సూపిచ్చిన.”

“ఏం కార్డు?”

“క్యాంపు అడ్రసున్న కార్డు. ఇంకేం కార్డుంటది?”

“నువ్వుండే జాగ గాదురా వాడడిగింది. నీకు బండి తాకిన జాగ.”

లింబాద్రి కత్తి కింద పెట్టాడు. “నాకేమెరుక? ఇస్త్రీ అంగీ తొడుక్కున్నోడు ఏమడిగినా కార్డే సూపియ్యాలె. దిగిన దినమే సైమన్ సార్ చెప్పిండు గద, నోరు తెరవకుండ్రి, కార్డు సూపియ్యుండ్రి అని. మేమందరం గట్లనే జేస్తిమి.”

“మరి బాలన్నది?”

“బాలన్నది వాళ్లే తీసుకున్నరు. అంగీ జేబుల ఉండె.”

పొయ్యి మీద పప్పు పొంగింది. లింబాద్రి కుంటుకుంటూ పోయి మూత తీసి వచ్చాడు.

“వచ్చే శుక్రారం నాతోని మనామా రావాలె. దెబ్బ తాకినోళ్లు ఎందరున్నరో అందరు రావాలె.”

“ప్రార్థనకా?”

“పటం మీద చుక్క జరపనీకి.” జరిగిందంతా చెప్పాడు.

విని లింబాద్రి గొంతు తగ్గించాడు. “చుక్క రోడ్డు మీదికొస్తె, ఆడ ఎందుకు దిగిర్రు అంటరు నర్సన్నా. ఎవరు దింపిర్రు అంటరు.”

“అంటరు.”

“మరి నీ వీసా?”

“నవంబరు దాంక ఉన్నది.”

“ఆ తర్వాత?”

“ఆ తర్వాత సంగతి నీకెందుకురా? ఉల్లిగడ్డ కొయ్యి.”

ఏడుగురిలో బాలన్న ఇక లేడు. ఇద్దరు ఊరికి పోయారు. మిగిలింది నలుగురు. క్యాంపులో రహస్యం ఉప్పు లాంటిది, నీళ్లు తగిలితే చాలు కరుగుతుంది. గురువారం సైమన్ ఫోన్ వచ్చింది.

“ఏం రాజనర్సూ, క్యాంపు వాళ్లని కూటానికి తెస్తున్నావంట? అందరూ మారుమనసు పొందారా ఏంటి?”

“పొందిర్రు.”

“నవంబరులో వీసా కాగితాలు నా టేబుల్ మీదకే వస్తాయి. గుర్తుంది కదా?”

“గుర్తున్నది.”

“నీ భార్య సంగతి మనసులో పెట్టుకుని నా మీద కక్ష తీర్చుకోకు. ఆ రోజు నిజంగానే డ్రైవరు లేడు.”

“మనసుల పెట్టుకున్న. పెట్టుకోలేదని ఎన్నడన్న అన్ననా? అది వేరే, ఇది వేరే” అని ఫోన్ పెట్టేశాడు.

శుక్రవారం ప్రార్థన అయ్యాక నలుగురూ చెప్పులు బయట విడిచి, హాలు మూల బల్ల చుట్టూ నిలబడ్డారు. అక్సా వాళ్ల వాకిటిని తెర నిండా పెద్దది చేసింది. ఆకాశం నుంచి తీసిన ఫోటో. ఎవరికీ ఏమీ తెలియలేదు. మూడేళ్లు ఆరేళ్లు ఉన్న చోటే గాని, పైనుంచి చూసిన మొగోడు ఒక్కడూ లేడు.

“ఇవి మీ గదుల రేకులండీ.”

“గివా? అగ్గిపెట్టెల లెక్కున్నయి!”

“మరి మనం పుల్లలమా ఏందిరా?” అన్నాడు లింబాద్రి.

నవ్వుకున్నారు. నవ్వయ్యాక మళ్లీ అయోమయమే. రోడ్డు ఏ పక్కదో, గేటు ఎటో ఎవడికీ అందలేదు. ఒకడు సనాబిస్ ఇటంటాడు, ఇంకొకడు అటంటాడు. అక్సా ఓపికగా ఫోటోను అటూ ఇటూ తిప్పింది. ఆమెకూ చెమట పట్టింది. పదిహేను రోజుల్లో ఇది జనం ముందుకు పోవాలి, చుక్క ఎక్కడ పెట్టాలో చెప్పేవాడు లేడు.

అప్పుడు లింబాద్రి తెరకు మొహం ఆనించినంత దగ్గరగా వంగాడు. క్యాంపు గేటు నుంచి ఇసుక మీదుగా హైవే దాకా దారపు పోగంత తెల్లటి గీత ఉంది. రెండు రోడ్ల నడుమ మట్టిగట్టు మీద కూడా, దానికి సూటిగా, ఇంకో ముక్క.

“ఇదేంది బిడ్డా?”

“ఫోటో మీద గీరు అనుకున్నానండి. లేకపోతే పాత పైపులైను. రోడ్ల జాబితాలో ఇక్కడ దారేమీ లేదు.”

“జాబితల లేకుంటె లేదు. ఇది మా తొవ్వ. మేం నడిసి నడిసి చేసినం.”

నలుగురూ ఒకేసారి వంగారు. తలలు తలలు తగిలాయి. ఇసుక మీద రోజూ నలభై జతల చెప్పులు తొక్కిన దారి అది. అంత పైనుంచి కూడా కనబడుతోంది. గీత దొరికేసరికి మిగతా అంతా దానంతటదే దొరికింది. ఇది గేటు, ఇది పెయింటు గోదాము, ఇది బస్సాగే జాగ.

“నన్ను గిక్కడ కొట్టింది.” లింబాద్రి వేలు పెట్టాడు. అక్సా వాకిట్లో ఉన్న అతని చుక్కను పట్టి రోడ్డు మీదికి లాగింది. రెండోవాడు వేలు పెట్టాడు. మూడోవాడు. నాలుగోవాడికి మొదటి వరుసలోనే తగిలిందట, అంగుళం జరపమన్నాడు, జరిపింది. ఊరికి పోయిన ఇద్దరివి చూసినవాళ్లు చెప్పారు. బాలన్న చుక్క ఒక్కటే వాకిట్లో మిగిలింది. ఎవరూ వేలు పెట్టలేదు. బాలన్నను పడ్డాక చూశారు గాని, ఎక్కడ తగిలిందో చూసినవాడు ఒక్కడే.

రాజనర్సు ముందుకొచ్చాడు. నడుమ గట్టుకు ఇవతల, మూడో వరుస మీద బొటనవేలు ఆనించాడు.

“ఈడ.”

ఏడు చుక్కలూ ఒకదాని మీద ఒకటి పడి ఒకే మచ్చయ్యాయి. అక్సా దాని పక్కన ఏడు అని అంకె వేసింది. చాలాసేపు చూసింది.

“అందరూ ఒకే చోట ఎందుకు దాటుతున్నారు? బస్సు గేటు దగ్గర ఆగదా?”

“ఊకెనే అక్కా, అలవాటు” అన్నాడు ఒకడు. “మాకే తొందరెక్కువ” అన్నాడు లింబాద్రి. రాజనర్సును కాపాడుతున్నారు. దెబ్బలు తిన్నవాళ్లే అబద్ధం ఆడుతున్నారు. అతనికి సిగ్గేసింది.

“అలవాటు గాదు, ఏం గాదు. నేనే దింపుత. మూడేండ్ల సంది.”

వెనక నుంచి సైమన్ వచ్చాడు. హాలులో పళ్లెం చప్పుళ్లు ఆగాయి.

“నోరు జారకు రాజనర్సూ. డ్రైవరు ఎక్కడ ఆపితే అదే స్టాపు. కంపెనీ ఆపమన్నట్టు కాగితం ఏమైనా ఉందా?”

“కాగితం లేదు. నువ్వు నోటితోని చెప్పినవ్. నేను చేతులతోని చేసిన. ఇద్దరిదీ రాయి బిడ్డా.”

“నీకే ముప్పురా!” సైమన్ బల్ల మీదికి వంగాడు. “నా మీద పెట్టాలని నువ్వే ఇరుక్కుంటున్నావ్!”

“ఇరుక్కుంట. రెండేండ్ల కిందనే ఇరుక్కునేది ఉండె.”

అక్సా ఒకసారి సైమన్‌ను చూసింది, ఒకసారి మచ్చను చూసింది. పటంలో ఎవరి పేర్లూ ఉండవని చెప్పింది. కాని చుక్క ఎందుకు జరిపామో ఆఫీసుకు రాతపూర్వకంగా చూపాలి. దాని కింద ఒకరి పేరు, సంతకం కావాలి. చెబుతూ ఆమె సైమన్ వైపు చూడలేదు. సైమన్ అంకుల్ చేతి మీదే ఆమె చిన్నప్పుడు ఊయల ఊగింది.

రాజనర్సు పెన్ను అడిగాడు. తెలుగులోనే, ఒక్కో అక్షరం ఒకటో తరగతి పిల్లాడిలా నెమ్మదిగా దిద్ది, పేరు రాశాడు.

జూన్ ఒకటిన పటం ఇంటర్నెట్‌లోకి వచ్చింది. క్యాంపు పక్కనున్న ఇంటర్నెట్ షాపులో ఆ సాయంత్రం కుర్చీలు చాలలేదు. ఏడంకె మీద నొక్కితే ఏడు కిటికీలు తెరుచుకుంటున్నాయి. అడుగున ఒక వాక్యం: ‘క్యాంపు బస్సు కార్మికులను హైవేకు ఎదుటి పక్కన దింపుతుంది.’ ఒకడు చదివి అందరికీ చెప్పాడు. లింబాద్రి తన చుక్క మీద నాలుగుసార్లు నొక్కించుకున్నాడు. “గిది నేనే. జనవరి పదమూడు. సూడుండ్రి, తారీకు గూడ తప్పు లేదు.” పెళ్లి ఫోటో చూపినట్టు చూపించాడు.

నాలుగు రోజులకు ఒక పత్రిక ఆ మచ్చను ఫోటోతో వేసింది. రోడ్డు పక్క టేపులు పట్టుకుని కొలిచేవాళ్లు వచ్చారు. వాళ్లలో ఒకడు ఇసుక మీది తొవ్వను చూసి, కూర్చుని ఫోటో తీసుకున్నాడు. నడుమ గట్టు మీద ఇనుప కంచె వేశారు. కంపెనీకి ఉత్తరం వచ్చిందని ఆఫీసు బాయ్ చెప్పాడు. అందులో ఏముందో రాజనర్సు అడగలేదు. సైమన్ ఫోన్ చేశాడు.

“రేపటి నుంచి గేటు దగ్గరే దింపు.”

“సరే.”

“తృప్తి అయ్యిందా?”

జవాబు చెప్పాల్సిన మాట కాదని ఫోన్ పెట్టేశాడు.

తెల్లారి సాయంత్రం బస్సు పాత స్టాపుకు, పెయింటు గోదాము దగ్గరికి, రాగానే నలభై మందీ లేచి తలుపు దగ్గర మూగారు.

“కూసోండ్రి!”

ఎవరూ కూర్చోలేదు. కాళ్లకు ఇంకా తెలియలేదు. బస్సు ఆగకుండా ముందుకు పోతుంటే, ఏదో మరిచిపోయి వచ్చినట్టు కిటికీల నుంచి వెనక్కి చూశారు. రౌండెబౌట్ దగ్గర బండ్లు బారులు తీరి ఉన్నాయి. బస్సు చీమలా కదిలింది. వెనక నుంచి సణుగుడు మొదలైంది.

“నర్సన్నా, గిట్లయితె బాత్రూం కాడ లైన్ పడతది!”

“పడితె పడనియ్. లైన్ల నిలబడు. నిలబడనీకి రెండు కాళ్లున్నయి గద నీకు?”

బస్సంతా నవ్వింది. సణిగినవాడూ నవ్వాడు.

గేటు దగ్గర ఒక్కొక్కరే దిగారు. తోసుకోలేదు. దిగి, డబ్బాలు ఊపుకుంటూ, మాట్లాడుకుంటూ లోపలికి నడిచారు. రాజనర్సు తలలు లెక్కపెట్టాడు. నలభై. వీసా సంగతి నవంబరులో గాని తేలదు. తేలినప్పుడు చూసుకోవచ్చు.

ఇంజను ఆపగానే ఫోన్ మోగింది. అక్సా.

“అంకుల్, పటం చూసి జనం రాస్తున్నారండి. ఇంకో క్యాంపులో కూడా వాకిట్లో మూడు చుక్కలున్నాయి. మీ వెనక వీధిలోనే. ఆ బస్సు డ్రైవరు మీకు తెలుసా?”

“ఎరుకే. మొండోడు. ఊకెనే చెప్పడు.”

“మరి ఎలాగండీ?”

“నేనూ మొండోన్నే గద బిడ్డా” అని రాజనర్సు బస్సుకు తాళం వేసి, వెనక వీధి వైపు నడిచాడు.